బోటుకు బాడీ ఎర్త్ ఉండదు: పులికాట్‌లో ఒక మ్యూజిక్ సెట్ కేసు

తిరుపతిలో నా పని కార్ల సెట్లు, వైరింగు. కొండకు తిరిగే ట్యాక్సీలు, టెంపోలు, పెళ్ళికార్లు, అప్పుడప్పుడూ సరదా పుట్టిన రైతు ట్రాక్టరు. ఇరవై ఏళ్ళు పైబడ్డాక కళ్ళు మూసుకుని బిగించగలనన్న ధీమా వచ్చేస్తుంది. ఆ ధీమాతోనే ఒక బోటు మీద చెయ్యి వేశాను. మూడుసార్లు తప్పి, నాలుగోసారికి కుదురుకున్నాను. ఇలాంటి పని ఇంకెవరికైనా తగిలితే నా తిరుగుళ్ళ పెట్రోలు వాళ్ళకు మిగులుతుందని రాస్తున్నాను. యజమానిని అడిగే రాస్తున్నాను. బోటు పేరు, రేవు పేరు, మనుషుల వివరాలు తీసేశాను, ఒకటి రెండు కావాలనే మార్చాను. కొలతలు మాత్రం నా నోటుపుస్తకంలో ఉన్నవే.

నేపథ్యం

2022 ఏప్రిల్లో జిల్లాలు మారాక సూళ్ళూరుపేట, తడ వైపు పులికాట్ ఒడ్డు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. పేరుకు సరస్సేగానీ లోతు తక్కువ, చాలాచోట్ల మనిషి నిలబడితే నడుము దాటదు. వేసవిలో నీళ్ళలో ఉప్పు పెరుగుతుంది, ఈశాన్య రుతుపవనాల వానలు పడితే తగ్గుతుంది. చలికాలంలో ఫ్లెమింగోలు దిగుతాయి, పక్కనే నేలపట్టులో గూడబాతులు గూళ్ళు పెడతాయి. వాటితోపాటే జనం దిగుతారు. బోట్లకు గిరాకీ అప్పుడే.

ఈ కేసులోది 22 అడుగుల ఫైబర్ బోటు. పైపుల మీద గుడ్డ టాపు, బెంచీల మీద 12 మంది. వెనక 40 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ ఇంజను, దానికి సెల్ఫ్ ఉంది. సెల్ఫ్ తిరగకపోతే మూత తీసి తాడు చుట్టి లాగాలి. బ్యాటరీ కారుదే, 65 ఏహెచ్ (అంటే ఒక ఆంపియరు చొప్పున 65 గంటలు ఇచ్చేది), ఇంజను పక్కనే చెక్కపెట్టెలో పెట్టారు. ఇంజనులో ఉన్న చార్జింగ్ కాయిల్ 12 వోల్టులు, 80 వాట్లది. అంటే ఫుల్ రేసులో మహా అయితే 6 ఆంపియర్లు. కారు డైనమో 60, 90 ఆంపియర్లు అలవోకగా ఇస్తుంది, నా బుర్రలో ఉన్నది ఆ లెక్కే. ఈ ఆరు ఆంపియర్ల సంగతి మొదటిరోజే చూసుకుని ఉంటే ఈ రాత సగానికి తగ్గేది.

యజమాని నాకు తెలిసిన ట్యాక్సీ డ్రైవరు ద్వారా వచ్చాడు. ఆయన కోరిక రెండు ముక్కలు. పక్షుల దగ్గరికి పోయేటప్పుడు గైడు మైకులో మాట్లాడితే చివరి బెంచీకి వినపడాలి. తిరిగొచ్చేటప్పుడు పాటలు. "సౌండు మాత్రం అదిరిపోవాల తమ్ముడూ. పక్క బోటోడు తిరిగి చూడాల" అన్నాడు.

మొదటి బిగింపు

షాపులో ఉన్న సరుకే పట్టుకెళ్ళాను. ఒక కారు సెట్టు, నాలుగు చానళ్ళ పాతతరం యాంప్ (స్పీకర్లకు సౌండు పెంచి ఇచ్చే పెట్టె), వెనక బెంచీ కింద రెండు 6×9 కోడిగుడ్డు స్పీకర్లు. నీళ్ళు చిందని చోట పెడితే కారుకీ బోటుకీ తేడా ఏముంటుంది అనుకున్నాను. యాంప్‌ను ముందువైపు గైడు సీటు కింద పెట్టాను, అక్కడికి తుంపర రాదని. బ్యాటరీ నుంచి ఆరు మీటర్ల దూరం. 2.5 ఎంఎం వైరు లాగాను.

వూఫరు పెట్టె టాపు మీద కావాలన్నాడు యజమాని. అది ఒక్కటే మొదటిరోజు నేను తీసుకున్న సరైన నిర్ణయం: ఒప్పుకోలేదు. పెట్టె 18 కిలోలు. బరువు ఎంత పైకి పోతే చిన్న బోటు అంత ఊగుతుంది, జనం ఒకే పక్కకు లేచి ఫొటోలు తీసేటప్పుడు అసలే ఒరుగుతుంది. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి ఏం జరిగిందో ఇద్దరం గుర్తు చేసుకున్నాం. వూఫరు ఊసు మళ్ళీ రాలేదు.

ఇక ఎర్త్. కారులో ప్లస్ వైరు ఒక్కటే లాగుతాం. మైనస్ అంటే బండి ఒళ్ళే, ఎక్కడ ఇనుము కనపడితే అక్కడ రంగు గీకి బోల్టు బిగిస్తాం. ఫైబర్ బోటులో ఇనుము ఎక్కడుంది? చేతిలో మైనస్ వైరు పట్టుకుని ఒక నిమిషం దిక్కులు చూశాను. చివరికి ఇంజను బ్రాకెట్టు కనపడింది. అల్యూమినియం, బ్యాటరీ మైనస్‌తో కలిసే ఉంది. దానికి బిగించి, "ఎర్త్ దొరికింది" అనుకున్నాను. అతుకుల మీద తడి పోకుండా బాత్రూముకు వాడే సిలికాన్ పూశాను. పాట పెట్టాం. ఇంజను ఆపి ఉంది కాబట్టి అద్భుతంగా పాడింది. ఇంజను వేసి వినకుండానే డబ్బులు తీసుకుని వచ్చేశాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఫిర్యాదులు వచ్చిన వరస

ఆ సాయంత్రమే ఫోను. ఇంజను వేస్తే స్పీకర్లలో గుయ్‌మని వస్తోంది, రేసు పెంచితే ఆ గుయ్ కూడా సన్నగా పైకి లేస్తోంది. దాంతోపాటు టిక్ టిక్ టిక్. ఇలాంటి గుయ్ కార్లలో వందసార్లు విన్నాను, దానికి వేసే మందు కూడా నోటికి వచ్చు: గ్రౌండ్ లూప్ ఐసోలేటర్, సౌండు వైరు మధ్యలో పెట్టే చిన్న డబ్బా. ఒకటి కొరియర్లో పంపాను, బోటు నడిపే సరంగే తగిలించుకున్నాడు. గుయ్ సగానికి తగ్గింది, పాటలో బేసు కూడా సగానికి తగ్గింది. చవక ఐసోలేటర్లలో ఉండే బుల్లి ట్రాన్స్‌ఫార్మరు కింది స్వరాలను మోయలేదు. జబ్బు ఉన్నచోట ఉండగానే నొప్పి మాత్ర వేసిన పని అది.

మూడు వారాలకు సెట్టు చచ్చిపోయింది. నీటిచుక్క పడలేదని సరంగు ప్రమాణం చేశాడు. నిజమే, పడలేదు. షాపులో విప్పి చూస్తే బోర్డంతా పచ్చటి పొడి. రాత్రిపూట ఉప్పుగాలి చెమ్మగా మారి లోపల పేరుకుంటుంది, పొద్దున ఎండకు ఆరుతుంది, ఉప్పు మిగులుతుంది. మర్నాడు మళ్ళీ అంతే. నీళ్ళు చిందని చోటు అని నేను వెతికిన చోటుకు అర్థమే లేదు. నా సిలికాన్ అయితే ఇంకో ఘనకార్యం చేసింది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఆసిడ్ వదులుతుంది, రాగిని తినేస్తుంది. కాపాడాలని పూసిన చోటే వైరు నల్లబడింది.

సెట్టు బదులు మైకు ఇన్‌పుట్ ఉన్న చిన్న బ్లూటూత్ బోర్డు పెట్టాను, ప్లాస్టిక్ డబ్బాలో. ఇక్కడే అసలు తప్పు జరిగింది, ఆ రోజు నాకు తెలియలేదు. కారు సెట్టుకు నీలం వైరు ఉంటుంది, సెట్టు ఆన్ అయితే యాంప్‌ను లేపేది, ఆఫ్ అయితే పడుకోబెట్టేది అదే. బ్లూటూత్ బోర్డుకు ఆ వైరు లేదు. యాంప్ రిమోట్ పిన్నును నేరుగా ప్లస్‌కు కలిపేశాను. సరంగుకు చెప్పాను: సాయంత్రం ఇంటికి పోయేముందు మెయిన్ ఫ్యూజ్ పీకెయ్యి. ఆయన తల ఊపాడు. చీకటి పడ్డాక తాళ్ళు కట్టి, పెట్రోలు ట్యాంకు భుజాన వేసుకుని, లైఫ్ జాకెట్లు లెక్కపెట్టుకుని పోయే మనిషి బెంచీ కిందికి దూరి ఫ్యూజ్ పీకుతాడా? నేనైతే పీకను.

జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం. బోటులో 11 మంది. పక్షులు బెదరకుండా ఇంజను ఆపి గెడతో నెట్టుకుంటూ దగ్గరికి పోయారు. లోతులేని చోట ఎలాగూ ఇంజను పైకి ఎత్తాల్సిందే. అరగంట చూశారు. తిరిగి బయల్దేరదామంటే సెల్ఫ్ కటక్ అంది, అంతే. తాడు చుట్టి లాగారు, ఎండలో, పిల్లలు ఏడుస్తుంటే. చివరికి ఇంకో బోటు వచ్చి కట్టుకుని లాక్కొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. గాలి లేని రోజు కాబట్టి సరిపోయింది.

చూడకుండా చెప్పిన సలహా

యజమాని ఫోను చేసినప్పుడు నేను అలిపిరి దగ్గర ఒక టెంపో కింద పడుకుని ఉన్నాను. అక్కడి నుంచే చెప్పేశాను: "బ్యాటరీ చిన్నదన్నా. ఇంకో 65 తెచ్చి పక్కన కట్టండి. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్." ఎక్కువ నీళ్ళు కావాలంటే పెద్ద తొట్టి కట్టమన్నట్టు. తొట్టిలోకి ఎంత వస్తోంది, ఎంత పోతోంది అని అడగలేదు.

ఆరో రోజుకు రెండు బ్యాటరీలూ దిగిపోయాయి. పక్కపక్కన కట్టిన బ్యాటరీలు ఒకే కుండ. ఒకటి పాటకు, ఒకటి స్టార్టింగుకు అని వాటికి తెలియదు. ఖాళీ అయితే రెండూ కలిసే ఖాళీ అవుతాయి. యజమాని ఈసారి కోప్పడలేదు. "నువ్వే వచ్చి చూడు తమ్ముడూ" అన్నాడు. కోప్పడినా బాగుండేది.

కొలిచిన రోజు

శ్రీకాళహస్తి మీదుగా పొద్దున్నే వెళ్ళాను, మీటరు, టెస్ట్ ల్యాంపు, పెన్ను తీసుకుని. సామాన్లు ఏవీ పట్టుకెళ్ళకూడదని ముందే అనుకున్నాను. సామాను చేతిలో ఉంటే బిగించబుద్ధవుతుంది.

బోటు రాత్రంతా కట్టేసి ఉంది. ఏదీ ఆన్‌లో లేదని సరంగు అన్నాడు. బ్యాటరీ 11.6 వోల్టులు. నిండుగా ఉన్న లెడ్ బ్యాటరీ 12.6, 12.7 చూపించాలి. 12.2కే సగం అయిపోయినట్టు లెక్క. ప్లస్ వైరు విప్పి మీటరును మధ్యలో పెట్టాను. అన్నీ ఆపి ఉన్న బోటు 1.2 ఆంపియర్లు తాగుతోంది.

"పాట కూడా లేదే అబ్బయ్యా, ఎవురు తాగతా ఉండారు?" అన్నాడు సరంగు.

నేనే. నా నీలం వైరు. యాంప్ రాత్రీ పగలూ మేలుకునే ఉంది. నోటుపుస్తకంలో లెక్క వేశాను. సాయంత్రం 6 నుంచి పొద్దున 8 దాకా 14 గంటలు, 1.2 చొప్పున 17 ఏహెచ్. పగలు మూడు ట్రిప్పులు, మొత్తం రెండుంబావు గంటలు, పాటకూ మైకుకూ సగటున 5 ఆంపియర్లు, 11 ఏహెచ్. లోపలికి వచ్చేది? ట్రిప్పుకు ఇంజను తిరిగేది పాతిక నిమిషాలు, అదీ మెల్లగా. నిదానం రేసులో కాయిల్ 2 నుంచి 3 ఆంపియర్లే ఇస్తోంది. రోజంతా కలిపి 3 ఏహెచ్. అంటే రోజుకు 25 ఏహెచ్ నష్టం. 65 ఏహెచ్ బ్యాటరీ రెండు రోజులకు అడుగంటుతుంది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా లెక్కపెట్టి చూడండి, సరిగ్గా సరిపోయింది. అందరూ పాటలను తిట్టారు. పాటల కన్నా రాత్రి నిశ్శబ్దమే ఎక్కువ తాగింది.

వచ్చినవాణ్ణి ఎలాగూ వచ్చానని మిగతావి కూడా కొలిచాను. పాట గట్టిగా పెట్టి 15 ఆంపియర్లు లాగేటప్పుడు బ్యాటరీ దగ్గరి వోల్టేజీ కన్నా యాంప్ దగ్గరిది తక్కువ. మధ్యలో 1.3 వోల్టులు వైరులోనే ఆవిరి. లెక్క కూడా అంతే చెబుతుంది: 2.5 ఎంఎం రాగి వైరు కిలోమీటరుకు 7.4 ఓములు. పోను ఆరు, రాను ఆరు, 12 మీటర్లకు 0.09 ఓములు. 15 ఆంపియర్లతో గుణిస్తే 1.3. కారులో రాను దారి బండి ఒళ్ళు కాబట్టి ఆ సగం ఎప్పుడూ లెక్కలోకి రాదు. బోటులో వైరు పొడవు రెండింతలని గుర్తు పెట్టుకోవాలి.

గుయ్ సంగతి కూడా అప్పుడే తేలింది. ఇంజను బ్రాకెట్టు నుంచి బ్యాటరీకి పోయే మైనస్ కేబులు ఒకటే. కాయిల్ చార్జింగు కూడా దాని మీదే, నా యాంప్ మైనస్ కూడా దాని మీదే. ఆ కేబులులో కాయిల్ కరెంటు ఎగిరిపడ్డప్పుడల్లా నా యాంప్ సున్నా అనుకునే మైనస్ కూడా దానితో ఎగిరిపడుతోంది. యాంప్‌కు అదొక పాట.

ఇంకొకటి చూసి కాసేపు అలాగే కూర్చున్నాను. బోటు అడుగున ఊరే నీళ్ళలో రెండు అతుకులు మునిగి ఉన్నాయి, ఒకటి ప్లస్‌ది, ఒకటి మైనస్‌ది, ఒకేరోజు ఒకే చేత్తో వేసినవి. మైనస్ అతుకు మసకబారింది, అంతే. ప్లస్ అతుకు పచ్చటి ముద్దగా మారి, పోగులు సగం కరిగిపోయాయి. ఉప్పునీళ్ళలో కరెంటు పారితే ప్లస్ వైపు రాగి కరిగి నీళ్ళలోకి పోతుంది. వెండిపూత పూసేవాళ్ళు తొట్టిలో చేసే పనే, నేను తెలియకుండా బోటు అడుగున చేశాను.

ఏం చేయాలి: మూడు దారులు

మొదటి దారి, నీలం వైరుకు ఒక మంచి స్విచ్చు పెట్టి, మిగతాదంతా ఉంచేయడం. చవక. రాత్రి తాగుడు ఆగుతుంది. కానీ పగలు 11 పోయి 3 వస్తుంది, ఆదివారాలు ఐదు ట్రిప్పులు పడితే ఇంకా ఎక్కువ పోతుంది. పైగా సాయంత్రం స్విచ్చు ఆపే పని మళ్ళీ అలసిపోయిన మనిషి జ్ఞాపకశక్తి మీదే.

రెండోది, పెద్ద బోట్లలో చేసే పద్ధతి: రెండు బ్యాటరీలు, మధ్యలో వోల్టేజీని చూసి కలిపి విడదీసే రిలే. ఇంజను బ్యాటరీ నిండాకే రెండోదానికి చార్జింగ్ ఇస్తుంది. మనసు దీని మీదికే లాగింది, చూడ్డానికి గొప్పగా ఉంటుంది. కానీ ఆ రిలే కలవాలంటే వోల్టేజీ 13.3 దాటాలి. 2, 3 ఆంపియర్లు ఇచ్చే కాయిల్‌తో, పాతిక నిమిషాల పరుగుతో, అది ఎప్పుడు దాటుతుంది? దాటినా రెండో బ్యాటరీకి మిగిలేది ఏముంటుంది? లేని ఆస్తిని ఇద్దరికి పంచినట్టే. కాగితం మీదే కొట్టేశాను.

మూడోది సరంగును చూస్తే తట్టింది. ఆయన ఆ సాయంత్రం కూడా పెట్రోలు ట్యాంకును పైపు ఊడదీసి భుజాన వేసుకుని పోతున్నాడు.

"ట్యాంకు రోజూ ఇంటికేనా పెద్దాయనా?"

"బోట్లో పెడితే పొద్దునకి ఉంటదా? పది ఏండ్లుగా మోస్తానే ఉండా."

పదేళ్ళుగా ఒక్కరోజు కూడా మర్చిపోని పని ఒకటి ఉందన్నమాట. పాటల బ్యాటరీ దానికి తోడైతే చాలు. అది బోటులోంచి బయటికి పోయిందంటే రాత్రి ఏదీ ఏమీ తాగలేదు, స్విచ్చు గురించి ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఇంట్లో ప్లగ్గు పెడితే పొద్దునకు నిండుతుంది. ఇంజను బ్యాటరీ ఇంజనుకే. రెండింటికీ ప్లస్ గానీ మైనస్ గానీ ఎక్కడా తగలవు. తగలకపోతే గుయ్ వచ్చే దారే లేదు.

మోయాలంటే బరువు ముఖ్యం. 26 ఏహెచ్ సీల్డు లెడ్ బ్యాటరీ 8 కిలోల దగ్గర ఉంటుంది, అందులో ఆరోగ్యంగా వాడుకోగలిగేది సగమే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 12.8 వోల్టులు, 20 ఏహెచ్‌ది రెండున్నర, మూడు కిలోలు, దాదాపు మొత్తం వాడుకోవచ్చు. ధర ఎక్కువే. రెండూ తెచ్చి చేతికి ఇస్తే సరంగు లెడ్‌ది దించేసి లిథియంది పట్టుకున్నాడు. నిర్ణయం అక్కడే అయిపోయింది. దాన్ని ఇంజను చార్జింగుకు కలపకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది: దానికి 14.6 వోల్టుల దగ్గర ఆగే సొంత చార్జరు కావాలి, రెగ్యులేటరు లేని కాయిల్ ఎంతదాకా పోతుందో దానికే తెలియదు.

నాలుగో బిగింపు

పాత యాంప్ తీసేసి సీలు చేసిన చిన్న క్లాస్ డి యాంప్ పెట్టాను. పాతది తిన్న కరెంటులో సగం దాకా వేడిగా పోగొట్టేది, ఇది 80 శాతానికి పైగా పాటకే ఇస్తుంది. అదే సౌండుకు సగటు 3 ఆంపియర్లకు దిగింది. మూడు గంటలు పాడినా 9 ఏహెచ్, బ్యాటరీలో సగం కూడా కాదు. బ్యాటరీ, యాంప్ రెండూ గైడు సీటు కింద, ఒక మూర దూరంలో. ఇక వోల్టేజీ పోయే పొడవే లేదు. వెనకవైపు పెట్టకపోవడానికి పెట్రోలు కూడా కారణం. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున పేరుకుంటుంది, బయటికి పోయే దారి ఉండదు. అక్కడ ప్లగ్గు పెట్టి పీకే పని, నిప్పురవ్వ లేచే పని ఉండకూడదు.

ప్లగ్గు ఈ-రిక్షా వాళ్ళు వాడే యాండర్సన్ రకం, తిరగేసి గుచ్చినా దూరదు. బ్యాటరీ నుంచి ఫ్యూజు 7 అంగుళాల లోపే ఉండాలని అమెరికా బోట్లవాళ్ళ నియమం ఒకటుంది. నేను ఆ లోపే పెట్టాను, 15 ఆంపియర్లది. ఫ్యూజు వైరును కాపాడేది, యాంప్‌ను కాదు. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న ముక్కకు ఏ కాపలా ఉండదు కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిదైతే అంత మేలు.

వైర్లన్నీ తగరంపూత రాగి. తిరుపతిలో దొరకలేదు, చెన్నై నుంచి తెప్పించాను. వైరు చివర తొడిగే లగ్గులు నొక్కి, లోపల జిగురు ఉన్న స్లీవు వేసి వేడి చేస్తే జిగురు కరిగి అంచుల్లోంచి బయటికి వస్తుంది, అప్పుడే అది మూసుకున్నట్టు. సిలికాన్ మానేసి పాలీయురిథేన్ సీలెంటు వాడాను. వైర్లను అడుగు నుంచి ఎత్తి బెంచీల కింద క్లిప్పులు కొట్టాను, ప్రతి వైరూ పెట్టెలోకి దూరే ముందు కిందికి ఒక వంపు. వైరు వెంట జారే నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ఎగబాకి లోపలికి పోదు.

స్పీకర్ల దగ్గర యజమానితో కాస్త వాదన అయింది. ఆయనకు పెద్దవి రెండు కావాలి. నేను చిన్నవి నాలుగు అన్నాను. కారులో అద్దాలూ తలుపులూ సౌండును పట్టి ఉంచుతాయి, బేసు ఊరికే వస్తుంది. సరస్సు మీద గోడ ఎక్కడుంది? వదిలిన సౌండు వదిలినట్టే పోతుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది, వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అంటే ఎనిమిది అడుగుల దూరంలో ఉన్నవాడికి నాలుగడుగుల దూరంలో వినపడినట్టు వినిపించాలంటే నాలుగింతల వాట్లు కావాలి. దానికన్నా స్పీకరునే దగ్గరికి తెస్తే పోలా? పాలీప్రొపైలీన్ కోను, రబ్బరు అంచు ఉన్న ఆరున్నర అంగుళాల మెరైన్ స్పీకర్లు నాలుగు, బెంచీల పక్క పలకల్లో, లోపలి మనుషుల వైపు తిప్పి పెట్టాను. బోటు బయటి పొట్టుకు ఒక్క రంధ్రం కూడా వేయలేదు. పాత 6×9ల కాగితం కోన్లు అప్పటికే తడిసిన అప్పడాల్లా ఉన్నాయి.

"అదిరిపోవాల" అన్న మాట సంగతి? అక్కడ ఉన్నది పక్షుల కోసం కాపాడుతున్న నీళ్ళు. వాటిని లేపేస్తే రేపు చూడ్డానికి వచ్చేవాడు ఎవడు? ఈ మాట నేను చెప్పలేదు, సరంగే చెప్పాడు, యజమాని విన్నాడు. యాంప్ గెయిను, అంటే సౌండు ఎంత పెంచాలో తిప్పి పెట్టే స్క్రూ, బోటులోవాళ్ళ మాటకు సరిపోయేంత పెట్టి, ఆ స్క్రూ మీద సీలెంటు చుక్క వేశాను. పక్షుల దగ్గర మైకు కూడా ఆపేస్తారు.

మిగిలిన టిక్ టిక్

ఇంజను వేశాం. ఈసారి వేసే విన్నాను. గుయ్ పూర్తిగా పోయింది. టిక్ టిక్ మాత్రం ఉంది, సన్నగా, మైకు ఆన్ చేస్తే పెద్దగా. బ్యాటరీలకు సంబంధమే లేదు కాబట్టి వైర్ల ద్వారా రాలేదు, గాలిలో వస్తోంది. మైకు వైరు ఏరియల్‌లా పట్టుకుంటోంది. రేసుతోపాటు వేగం పెరుగుతోందంటే మూలం ఇగ్నిషన్. మూత తీసి ప్లగ్గులు చూశాను. బీ7హెచ్ఎస్. ఇంజను పుస్తకంలో ఉన్నది బీఆర్7హెచ్ఎస్. మధ్యలోని ఆ ఆర్ అక్షరం రెసిస్టరుకు గుర్తు, నిప్పురవ్వ చేసే రేడియో గోలను అది అణుస్తుంది. ఎవరో ఎప్పుడో దొరికినవి వేశారు, ఇంజనుకు వచ్చిన లోటు లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. రెండు ప్లగ్గులు మార్చాను, మైకుకు షీల్డు వైరు వేశాను. టిక్ టిక్ ఆగింది. మొదటిరోజు ఈ రెండు శబ్దాలనూ ఒకటే జబ్బు అనుకుని ఐసోలేటరు పంపాను. పక్కపక్కనే వినిపించినంత మాత్రాన రెండూ ఒక తల్లి పిల్లలు కావు.

నా పనిలో మారినవి

ఇప్పుడు ఏ బండికైనా యాంప్ బిగించాక అన్నీ ఆపి మీటరు పెడతాను, కారుకు కూడా. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే బండి ఇవ్వను. ఐదు నిమిషాల పని. ఫోనులో సలహా అడిగితే ముందు వోల్టేజీ ఎంతుందో చెప్పమంటాను, చెప్పలేకపోతే వస్తాననే చెబుతాను. బోటు మాట వస్తే పాటల గురించి అడగను. ఇంజను చార్జింగు ఎంత, రోజుకు ఎంతసేపు తిరుగుతుంది, సాయంత్రం బోటులోంచి ఇంటికి ఏమేం పోతాయి, ఈ మూడు అడుగుతాను. మూడోది విని నవ్వుతారు.

రెండో, మూడో రాకలకు కూలి తీసుకోలేదు. మొదటి సామాన్లలో తిరిగి పనికొచ్చినవి ఏవీ లేవు, ఆ నష్టం ఇద్దరం పంచుకున్నాం. మొదటిసారే సరిగా చేసి ఉంటే అయ్యే ఖర్చుకు ఒకటిన్నర రెట్లు అయింది.

మరుసటి జనవరిలో, ఒక వానాకాలం పూర్తిగా గడిచాక, పిలవకుండానే వెళ్ళి విప్పి చూశాను. స్లీవు కోసి చూసిన అతుకులో తగరంపూత తెల్లగానే ఉంది. స్పీకర్లు బాగున్నాయి. బ్యాటరీ ట్యాంకుతోపాటే ఇంటికి పోయి వస్తోంది. దాని హ్యాండిలుకు సరంగు పాత చీర గుడ్డ చుట్టుకున్నాడు, చెయ్యి కోయకుండా. గైడు సీటు కింద యాంప్‌ను పట్టి ఉంచే నాలుగు స్క్రూలలో మూడు మెరుస్తున్నాయి, 316 స్టెయిన్‌లెస్‌వి. నాలుగోది ఎర్రగా తుప్పు పట్టి, తల అరిగి, డ్రైవరుకు దొరకడం లేదు. ఆ రోజు స్టెయిన్‌లెస్‌ది ఒకటి నీళ్ళలో జారి పడిపోతే, జేబులో ఉన్న కారు స్క్రూ వేశాను.